గ్లిజరిన్ నుంచి హైడ్రోజన్: అపోహలు - వాస్తవాలు

గ్లిజరాల్‌ను (గ్లిజరిన్‌కే ఇంకో పేరు) నీటి ఆవిరితో కలిపి, కాగుతున్న నికెల్ క్యాటలిస్ట్ (రసాయన చర్యను వేగవంతం చేసే పదార్థం) మీదుగా పంపి హైడ్రోజన్ తీయడం, ఆ క్రమంలో పుట్టే కార్బన్ డయాక్సైడ్‌ను రియాక్టర్ లోపలే సున్నంతో పట్టేయడం నా పని. హైదరాబాద్‌లో ఈ మాట ఎక్కడ ఎత్తినా, అడిగేది నాచారంలో ఫ్యాక్టరీ నడిపే పెద్దాయనైనా, బీటెక్ చదివే మా పిన్ని కొడుకైనా, ప్రశ్నలు మాత్రం దాదాపు అవే. అందుకే ఒక్కచోట రాసి పెడుతున్నాను.

అపోహ: గ్లిజరిన్ అంటే మెడికల్ షాపులో అమ్మే సీసానే కదా, పైగా బయోడీజిల్ వాళ్లకు వేస్టు, ఊరికే ఇస్తారు.

బయోడీజిల్ 10 కిలోలు చేస్తే దాదాపు 1 కిలో గ్లిజరాల్ వస్తుంది, ఆ మాట నిజమే. కానీ ప్లాంటు నుంచి వచ్చే డ్రమ్ము మూత తీసి చూడండి. బెల్లం పాకంలా చిక్కగా, గోధుమ రంగులో ఉంటుంది, అందులో సబ్బు, నీళ్లు, మిథనాల్, సోడియం లేదా పొటాషియం లవణాలు అన్నీ కలిసి ఉంటాయి. హోటళ్ల నుంచి సేకరించిన వాడేసిన నూనెతో చేసిన బయోడీజిల్ అయితే సబ్బు ఇంకా ఎక్కువ. మొదట్లో మేమూ తెలియక ఒక డ్రమ్మును ఉన్నదున్నట్టు పంపులో పెట్టాం. మూడో రోజుకి ప్రెషర్ పెరుగుతూ పోయింది, ఎందుకో అర్థం కాక అందరికీ టెన్షన్. చివరికి ఆపి, చల్లార్చి, ఆవిరిగా మార్చే గొట్టం విప్పితే లోపల గాజులా మెరిసే నల్లటి పెచ్చు, దాని కింద తెల్లటి ఉప్పు పొర, కళ్లలో నీళ్లు తెప్పించే ఘాటు. మిర్చి బజ్జీల బండి దగ్గర నూనె మాడినప్పుడు వస్తుందే, అదే ఘాటు. దాని పేరు ఆక్రోలిన్, గ్లిజరాల్ వేడికి విరిగిపోతే పుట్టేది. గ్లిజరాల్ మరిగేది 290 డిగ్రీల దగ్గర, ఆ వేడికే అది విరగడం కూడా మొదలవుతుంది కాబట్టి, గొట్టం గోడకు అంటుకుని నెమ్మదిగా ఉడికిందా, ఇక బొగ్గే. ఇప్పుడు ముందుగా యాసిడ్‌తో సబ్బును విడదీసి, ఉప్పు తీసేసి, ఆ తర్వాత వేడి ఆవిరిలోకి సన్నటి తుంపరగా కొడుతున్నాం. మిథనాల్‌ను మాత్రం తీయకుండా ఉండనిస్తాం, దాన్నుంచీ హైడ్రోజన్ వస్తుంది కాబట్టి. క్యాటలిస్ట్‌ను చంపేది ఉప్పు.

అపోహ: సున్నం చివర్లో పెట్టే ఫిల్టర్ లాంటిది.

కాదు, ఇదే నేను అందరికీ పదేపదే చెప్పేది. ఒక గ్లిజరాల్ అణువు, మూడు నీటి అణువులు కలిస్తే ఏడు హైడ్రోజన్, మూడు కార్బన్ డయాక్సైడ్ అణువులు వస్తాయి. అంటే సున్నం లేకుండా అంతా సవ్యంగా జరిగినా నీటిని తీసేశాక వచ్చే గ్యాస్‌లో హైడ్రోజన్ 70 శాతమే, నిజానికి కార్బన్ మోనాక్సైడ్, మీథేన్ కూడా మిగిలిపోయి అంతకన్నా తక్కువే వస్తుంది. సున్నాన్ని క్యాటలిస్ట్‌తో కలిపి అదే గొట్టంలో పోస్తే, కార్బన్ డయాక్సైడ్ పుట్టింది పుట్టినట్టే సున్నపురాయిగా మారిపోతుంది. అది ఎప్పటికప్పుడు ఖాళీ అవుతుంటే మిగిలిన మోనాక్సైడ్ నీటితో కలిసి ఇంకా హైడ్రోజన్ ఇస్తూ పోతుంది, సున్నం నిండేదాకా 95 శాతం దాటిన హైడ్రోజన్ చూడొచ్చు. వేడి లెక్క కూడా తిరగబడుతుంది. ఒక మోల్ గ్లిజరాల్‌కు రిఫార్మింగ్, అంటే ఆవిరితో హైడ్రోజన్ తీసే ఈ చర్య, దాదాపు 128 కిలోజౌళ్లు తాగుతుంది, సున్నం ఒక్కో మోల్ కార్బన్ డయాక్సైడ్‌ను పట్టినప్పుడల్లా 178 ఇస్తుంది, మూడింటికి 534.

అపోహ: అయితే బయటి నుంచి వేడే అక్కర్లేదు.

నిండిన సున్నాన్ని మళ్లీ వాడాలంటే కాల్చాలి, వచ్చే కార్బన్ డయాక్సైడ్ కలుషితం కాకుండా కావాలంటే దాదాపు 900 డిగ్రీల దాకా వెళ్లాలి. పల్లెల్లో సున్నపు బట్టీలో జరిగేది ఇదే, ఇందాక వచ్చిన 534 ఇక్కడ పూర్తిగా తిరిగి కట్టాలి. పైగా ఆవిరి ఖర్చు ఉంది. సాధారణంగా ఒక మోల్ గ్లిజరాల్‌కు 9 మోల్స్ నీళ్లు వాడతాం, అంటే కిలో గ్లిజరాల్‌కు దాదాపు 1.76 కిలోల నీళ్లు, వాటిని మరిగించి ఆవిరి చేయడానికే సుమారు 4.5 మెగాజౌళ్లు, కిలో గ్లిజరాల్‌ను కాలిస్తే వచ్చేదే దాదాపు 16.

అపోహ: వేడి పెంచేకొద్దీ హైడ్రోజన్ పెరుగుతుంది.

సున్నం ఉన్న గొట్టంలో అలా కుదరదు. 600 డిగ్రీల దగ్గర బాగా పట్టే సున్నం 700 దాటాక పట్టు సడలిస్తుంది. మరీ తగ్గిస్తే మీథేన్ పెరుగుతుంది. మేం 550 నుంచి 600 మధ్యే తిరుగుతుంటాం.

అపోహ: సున్నం చవక, ఎన్నిసార్లైనా కాల్చి వాడుకోవచ్చు.

చవకే, కాదనను, సున్నపురాయికి మనకు కరువు లేదు, ఇళ్లలో పరిచే తాండూరు బండ కూడా ఆ జాతి రాయే. కానీ అలిసిపోతుంది. కొత్త సున్నం గింజ లోపల సన్నటి రంధ్రాలు కోకొల్లలు, కాల్చిన ప్రతిసారీ ఆ వేడికి వాటి గోడలు అతుక్కుని అవి మూసుకుపోతాయి, ఇరవై ముప్పై సార్లు తిరిగాక మొదట పట్టినదాంట్లో చిన్న వాటా మాత్రమే పడుతుంది. అసలు లెక్క ప్రకారమే కిలో గ్లిజరాల్‌కు 1.83 కిలోల సున్నం కావాలి, అలిసిన సున్నమైతే ఎన్ని కిలోలు పోయాలో ఆలోచించండి. డోలమైట్ (మెగ్నీషియం కూడా ఉండే సున్నపురాయి లాంటి రాయి) కొంత నయం, కాల్చాక అందులోని మెగ్నీషియం ఆక్సైడ్ గింజలను అతుక్కోనివ్వదు, కానీ ఆ మెగ్నీషియం ఆక్సైడ్ కార్బన్ డయాక్సైడ్ పట్టదు కాబట్టి బరువు దండగ.

అపోహ: కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకున్నాం కాబట్టి ఇది గ్రీన్ హైడ్రోజనే.

కిలో హైడ్రోజన్‌కు దాదాపు 9.4 కిలోల కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. బట్టీలో సున్నాన్ని కాల్చినప్పుడు అదంతా మళ్లీ బయటికి వస్తుంది, దాన్ని కంప్రెస్ చేసి ఎక్కడికి పంపుతారో చెప్పకపోతే పట్టుకున్నట్టు కాదు. గ్లిజరాల్‌లోని కార్బన్ మొక్క నూనెదే, అది మనకు అనుకూలమే. కానీ 2023 ఆగస్టులో కేంద్రం ప్రకటించిన ప్రమాణం ప్రకారం గ్రీన్ అనిపించుకోవాలంటే కిలో హైడ్రోజన్‌కు బయటికి వదిలే కార్బన్ డయాక్సైడ్ లెక్క 2 కిలోలు మించకూడదు, బట్టీని బొగ్గుతో మండిస్తే ఆ గీత దాటేయడం చాలా తేలిక. ఎవరైనా ప్రాజెక్టు రిపోర్టు పంపితే ముందు బట్టీకి వేడి ఎక్కడి నుంచి తెస్తున్నారో ఉన్న పేజీ వెతుకుతాను.

ఇక ఈ పని మీద ప్రాజెక్టు మొదలుపెట్టబోయే పిల్లలకు ఒక మాట. కెమికల్స్ షాపు నుంచి 99 శాతం గ్లిజరాల్ సీసా తెచ్చుకోకండి, బయోడీజిల్ ప్లాంటుకు వెళ్లి ఒక క్యాన్ అడిగి తెచ్చుకోండి. గ్రాఫులో మొదటి సైకిల్ (సున్నం ఒకసారి నిండి, మళ్లీ కాల్చేదాకా) ఒక్కటే చూపించి ఆపకండి, ఇరవయ్యోది కూడా వేయండి, ఎంత పడిపోయినా సరే.