ముప్పావు ఎక్కం రాకపోతే తెలివి తగ్గినట్టేనా?

పూర్ణా మార్కెట్‌లో ఒక పచారీ కొట్టు. కేజీ 132 రూపాయల లెక్కన కేజీ ముప్పావు పెసరపప్పు అడిగాను. కుర్రాడు ఫోన్ తీసేలోపే వెనక కూర్చున్న తాతగారు "రెండొందల ముప్ఫై ఒకటి" అనేశారు. ఎనభై దాటిన మనిషి. "ఈ కాలం పిల్లల బుర్రలు మొద్దుబారిపోతున్నాయమ్మా" అని బాధపడ్డారు.

విశాఖలో ఏ ఇంటికెళ్లినా వినిపించే బాధే ఇది. చాలా పాతది కూడా. 2,300 ఏళ్లకు ముందే ప్లేటో రాసిన ఒక సంభాషణలో, రాతకు అలవాటుపడితే జ్ఞాపకశక్తి పోతుందని సోక్రటీసు హెచ్చరిస్తాడు.

తాతగారి చిన్నప్పుడు రూపాయికి పదహారు అణాలు, తూకం వీశెల్లో, శేర్లలో. పావు, అర, ముప్పావు ఎక్కాలు రాకపోతే బేరమే సాగదు. 1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద నయాపైసలు వచ్చాయి. తర్వాత కిలోలు వచ్చాయి. ఆ ఎక్కాలతో పని తగ్గిపోయింది. ఇంకో సంగతి మరిచిపోకూడదు: 1951లో దేశంలో చదవడం, రాయడం వచ్చినవాళ్లు నూటికి సుమారు 18 మందే. ఆ తరంలో బడి ముఖం చూడనివాళ్లను లెక్కలోకి తీసుకోకుండా పోల్చడం న్యాయం కాదు.

మరి కొలిచి చూసినవాళ్లు ఏమన్నారు? ఐక్యూ పరీక్షలో సగటు ఎప్పుడూ 100 ఉండేలా ఎప్పటికప్పుడు సర్దుతారు, అందుకే మార్పు పైకి కనపడదు. న్యూజిలాండ్ పరిశోధకుడు జేమ్స్ ఫ్లిన్ 1984లో పాత, కొత్త పరీక్షల మార్కులు పక్కపక్కన పెట్టి చూశాడు. 1932 నుంచి 1978 లోపు అమెరికన్ల మార్కులు దాదాపు 14 పాయింట్లు పెరిగాయి. ఎందుకో ఆయన చెప్పిన ఉదాహరణ నాకు చాలా ఇష్టం. కుక్కకీ కుందేలుకీ పోలికేమిటని అడిగితే, వందేళ్ల కిందటి మనిషి "కుక్కతో కుందేలుని వేటాడతాం" అంటాడు. నేటి పిల్లవాడు "రెండూ క్షీరదాలు" అంటాడు. మార్కు రెండోదానికే. మొదటివాడు తెలివితక్కువవాడేం కాదు, అతనికి రోజూ పడే పని వేరు.

ఈ మధ్య కొన్ని దేశాల్లో మార్కులు తగ్గుతున్న మాటా నిజమే. నార్వేలో సైన్యంలో చేరే యువకుల పరీక్షలపై 2018లో వచ్చిన అధ్యయనంలో, 1975 తర్వాత పుట్టినవాళ్ల దగ్గర్నుంచి తగ్గుదల కనిపించింది. ఒకే తల్లి బిడ్డల్లో, అన్నదమ్ముల మధ్య కూడా. అంటే కారణం రక్తంలో లేదు. చదువు, అలవాట్లు, చుట్టూ ఉన్న వాతావరణంలో వెతకాలి.

పప్పు సంచీ అందుకుంటూ, మనవడికి ముప్పావు ఎక్కం నేర్పారా అని తాతగారిని అడిగాను. "వాళ్ల నాన్నకే నేర్పలేదమ్మా. అవసరమేటుందనుకున్నాను" అన్నారు.