శివారు షాపింగ్ మాల్ చరిత్ర: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో ఏ శివారు మాల్ చరిత్ర చూసినా ఫౌంటెన్‌తో మొదలై ప్రారంభోత్సవం ఫోటోలతో ముగుస్తుంది. ఆ మాల్ ఎందుకు లేచిందో, ఎందుకు పడిందో చెప్పే కాగితాలు వేరే చోట ఉంటాయి: లీజుల్లో, భూమి దస్తావేజుల్లో, పన్ను చట్టంలో. అవి చదవకుండా రాయడం వల్లే ఈ కింది అపోహలు ఒకరి రాతల్లోంచి మరొకరి రాతల్లోకి పాకుతున్నాయి. మాల్ చరిత్ర రాయబోయేవాళ్ళ కోసమే ఇవి.

అపోహ: ప్రపంచంలో మొదటి షాపింగ్ మాల్ మిన్నెసోటాలోని సౌత్‌డేల్.

వాస్తవం: దేన్నిబట్టి మొదటిదో ముందు తేల్చుకోవాలి. కార్లలో వచ్చేవాళ్ళ కోసం ఒకే యాజమాన్యం కింద కట్టిన దుకాణ సముదాయం అంటే కాన్సస్ సిటీలో జె.సి. నికోల్స్ అనే రియల్ ఎస్టేట్ వ్యాపారి 1920లలో తెరిచిన కంట్రీ క్లబ్ ప్లాజా దాకా వెనక్కి వెళ్ళాలి. రెండు వరుసల దుకాణాలు ఎదురెదురుగా నిలబడి, మధ్యలో నడకదారి, వెనకవైపు పార్కింగ్ అంటే 1950లో సియాటిల్‌లో తెరిచిన నార్త్‌గేట్‌ను చెప్పుకోవాలి. నిజానికి ‘మాల్’ అన్న మాట మొదట ఆ నడకదారికే చెల్లింది, భవనానికి కాదు. దాని మీద అప్పట్లో పైకప్పు కూడా లేదు.

1956 అక్టోబరు 8న ఈడైనాలో తెరిచిన సౌత్‌డేల్ ప్రత్యేకత వేరు. పూర్తిగా మూసిన భవనం, లోపల ఏడాది పొడవునా ఒకే వాతావరణం, రెండు అంతస్తులు, ఒకే కప్పు కింద పోటీదారులైన రెండు డిపార్ట్‌మెంట్ స్టోర్లు: డేటన్స్, డొనాల్డ్‌సన్స్. 72 దుకాణాలు, 5,200 కార్లకు చోటు, ఖర్చు 2 కోట్ల డాలర్లు. మిన్నెసోటా చలికీ ఎండకీ హాయిగా బజారుకు వెళ్ళదగ్గ రోజులు ఏడాదికి 126 మాత్రమే అని లెక్కవేసుకుని మరీ కప్పు వేశారు. పైకప్పు విషయంలో ముందు తమదేనని విస్కాన్సిన్‌లోని వ్యాలీ ఫెయిర్ వాళ్ళు అంటారు. కాబట్టి ‘మొదటి’ అని రాసేటప్పుడు పక్కనే దేనిలో మొదటిదో రాయండి.

సౌత్‌డేల్‌లో జనం పెద్దగా గమనించని పనితనం ఒకటుంది. పార్కింగ్ స్థలాలను రెండు ఎత్తుల్లో చదును చేసి, కొందరు నేరుగా కింది అంతస్తులోకీ, కొందరు నేరుగా పై అంతస్తులోకీ నడిచి వచ్చేలా చేశారు. మెట్లెక్కి రావాలంటే పై దుకాణాలకు బేరం ఉండదు, అద్దె రాదు. తర్వాత వచ్చిన రెండంతస్తుల మాల్స్ చాలావాటికి వాలు నేల ఎందుకు ఎంచుకున్నారో దీన్నిబట్టి తెలుస్తుంది.

అపోహ: జనం చేత అవసరం లేనివి కొనిపించడానికే విక్టర్ గ్రూయెన్ మాల్‌ను కనిపెట్టాడు.

వాస్తవం: వచ్చిన పని మరిచిపోయి దుకాణాల వెంట తిరిగే స్థితికి ‘గ్రూయెన్ ట్రాన్స్‌ఫర్’ అని పేరు పడింది కాబట్టి ఈ మాట పుట్టింది. 1938లో వియన్నా నుంచి వలస వచ్చిన ఆ ఆర్కిటెక్ట్ కోరుకున్నది నడిచి తిరగగల ఊరి నడిబొడ్డు. సౌత్‌డేల్ కోసం ఆయన గీసింది 463 ఎకరాల ప్రణాళిక: ఇళ్ళు, అపార్ట్‌మెంట్లు, బడులు, వైద్య కేంద్రం, పార్కు, చెరువు. అందులో అనుకున్నట్టు వచ్చింది మాల్, దాని చుట్టూ పార్కింగ్. 1978లో లండన్‌లో చేసిన ప్రసంగంలో, తన పేరు చెప్పుకుని కట్టిన మాల్స్‌తో తనకు సంబంధం లేదని ఆయన తెగేసి చెప్పాడు. ఒక మనిషి జీవితాశయాన్ని తలకిందులు చేసి చెప్పడం అన్యాయం.

అపోహ: జనం శివార్లకు వెళ్ళారు, వాళ్ళ వెనకే మాల్స్ వెళ్ళాయి. అంతే.

వాస్తవం: జనాభాతో పాటు 1954 పన్ను చట్టాన్ని కూడా చూడాలి. భవనం పాతబడే కొద్దీ తగ్గే విలువను, అంటే తరుగుదలను, పన్ను కట్టాల్సిన ఆదాయంలోంచి మినహాయిస్తారు. అంతకుముందు దాన్ని స్థిర వాయిదా పద్ధతిలో, ఏటా ఒకే మొత్తంగా లెక్కించేవారు. 40 ఏళ్ళ ఆయుష్షు అనుకుంటే 10 లక్షల డాలర్ల భవనానికి ఏటా 25,000 తరుగుదల. 1954 చట్టం కొత్త కట్టడాలకు తగ్గుతున్న నిల్వల పద్ధతిలో, అంటే ఏటా మిగిలిన విలువ మీద లెక్కించే పద్ధతిలో, రెట్టింపు రేటు ఇచ్చింది. అదే భవనానికి మొదటి ఏడాది 50,000, రెండో ఏడాది 47,500. లాభాలు వస్తున్నా కాగితం మీద నష్టం కనబడుతుంది, ఆ నష్టాన్ని వేరే ఆదాయంలోంచి మినహాయించుకోవచ్చు. కొన్నేళ్ళకు మినహాయింపు పలచబడుతుంది. అప్పుడు అమ్మేసి ఇంకో చోట కొత్తది కట్టడం లాభం.

ఇక్కడ రెండు మెలికలు ఉన్నాయి. ఆ రేటు కొత్త కట్టడానికే, పాత బజారులో కొన్న భవనానికి వర్తించదు. రెండోది, భూమికి తరుగుదల ఉండదు. అంటే పెట్టుబడిలో భూమి వాటా తక్కువగా, భవనం వాటా ఎక్కువగా ఉన్న చోటే మినహాయింపు ఎక్కువ. నేల చవకగా దొరికే శివారే అందుకు సరైన చోటు. 1969లో ఆ రెట్టింపు (200 శాతం) రేటును 150 శాతానికి తగ్గించారు. 1981లో ఆయుష్షును 15 ఏళ్ళకు కుదించి మళ్ళీ తలుపులు తెరిచారు. 1986లో స్థిర వాయిదా పద్ధతికి, 31.5 ఏళ్ళకు మార్చి మూశారు. మీరు రాస్తున్న మాల్‌ను వీటిలో ఏ కాలంలో కట్టారో చూడండి, ఎవరు కట్టారు, ఎంత త్వరగా అమ్మారు అన్నవాటికి చాలాసార్లు జవాబు దొరుకుతుంది.

అపోహ: పెద్ద స్టోరే పెద్ద అద్దె కడుతుంది.

వాస్తవం: తలకిందులు. రెండు చివర్లా ఉండే పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్లు, అంటే యాంకర్ స్టోర్లు, నామమాత్రపు అద్దె కట్టేవి, లేదా తమ భవనం, దాని కింద నేల తామే కొనుక్కునేవి. జనాన్ని రప్పించడమే వాటి పని. అద్దె మోసేది మధ్యలోని చిన్న దుకాణాలు. ఉదాహరణకు 2,000 చదరపు అడుగుల దుకాణం, అడుగుకు ఏడాదికి 30 డాలర్లు అనుకోండి. కనీస అద్దె 60,000. లీజులో అమ్మకాల మీద 6 శాతం అని రాసి ఉంటే 60,000ను 6 శాతంతో భాగించాలి: 10 లక్షలు. అమ్మకాలు ఆ గీత దాటిన ప్రతి డాలర్‌లో 6 సెంట్లు యజమానికి. 12 లక్షలు అమ్మితే అదనంగా 12,000. ఉమ్మడి స్థలాల నిర్వహణ ఖర్చు వేరు.

యాంకర్ మూతపడితే ఏమవుతుందో కూడా లీజులోనే ఉంటుంది. కో-టెనెన్సీ నిబంధన (యాంకర్ తెరిచి ఉంటేనే పూర్తి అద్దె అనే షరతు) ఉన్న చిన్న దుకాణాలు కనీస అద్దె మానేసి అమ్మకాల మీద శాతం మాత్రమే కడతాయి, కొన్నాళ్ళకు ఖాళీ చేసే హక్కూ వస్తుంది. ఒక యాంకర్ పోయిన ఏడాదిలోనే వరుసగా పది షట్టర్లు దిగడం వెనక చాలాసార్లు ఈ నిబంధనే ఉంటుంది. ఇక పార్కింగ్ మధ్యలో కొత్తగా ఏదైనా కట్టాలంటే యాంకర్లతో చేసుకున్న పరస్పర హక్కుల ఒప్పందం ప్రకారం వాళ్ళందరి సమ్మతి కావాలి. మూతపడిన స్టోర్ యజమాని కూడా అందులో ఉంటాడు. ఖాళీ మాల్స్ ఏళ్ళ తరబడి అలాగే పడి ఉండటానికి పెద్ద కారణం ఇది.

అపోహ: మాల్స్‌ను చంపింది ఇంటర్నెట్.

వాస్తవం: ఇలినాయ్‌లోని హార్వీలో 1966లో తెరిచిన డిక్సీ స్క్వేర్ 1978లోనే మూతపడింది. ఆన్‌లైన్ అమ్మకాలు తర్వాత దెబ్బ కొట్టిన మాట నిజమే, కానీ ఒకే జనాభా మీద మూడు నాలుగు మాల్స్ ఆధారపడేలా కట్టడం, డిపార్ట్‌మెంట్ స్టోర్లు ఒకదాన్నొకటి కొనేసి రెండు శాఖల్లో ఒకటి మూసెయ్యడం అంతకుముందే మొదలయ్యాయి. ఒహాయోలో 1976లో తెరిచిన ర్యాండల్ పార్క్ 20 లక్షల చదరపు అడుగుల పైమాట. 2009లో మూశారు. ఆ నేల మీద ఇప్పుడున్నది అమెజాన్ గిడ్డంగి. ఆ గిడ్డంగి ఫోటో చూపించి కారణం చెప్పేసేవాళ్ళు తేదీలు ఒకసారి సరిచూసుకోవాలి.

అపోహ: కట్టిన ఏడాది, విస్తీర్ణం కౌంటీ (మన జిల్లా లాంటిది) రికార్డులో ఉన్నదే ఖాయం.

వాస్తవం: ఒక మాల్ ఒకే స్థలం కాదు. యాంకర్లకు వేర్వేరు పార్సిల్ (రికార్డులో విడిగా నమోదైన భూమి ముక్క) నంబర్లు ఉంటాయి, ఒక్కోదానికి ఒక్కో ఏడాది. కొన్నిచోట్ల రికార్డులో ఉండేది మరమ్మతుల ఏడాది. ముందు అన్ని పార్సిళ్ళూ రాసుకుని, పాత ఏరియల్ ఫోటోలను ఏడాది వరుసలో పక్కపక్కన పెట్టి, ఏ ముక్క ఎప్పుడు కలిసిందో గీసుకోండి. తర్వాత మాల్ తెరిచిన నాటి స్థానిక పత్రిక సంచికను మైక్రోఫిల్మ్‌లో చూడండి. శంకుస్థాపన, యాంకర్ తెరిచిన రోజు, మాల్ తెరిచిన రోజు మూడు వేర్వేరు తేదీలు. విస్తీర్ణంలో యాంకర్లు సొంతంగా కొనుక్కున్న భాగం కలిపారో లేదో అడగండి. ఒకే మాల్‌కు రెండు చోట్ల రెండు అంకెలు కనబడటం ఎక్కువగా దీనివల్లే.

చివరగా మాల్ గోడ దగ్గరికి వెళ్ళండి. బోర్డు పీకేసిన చోట ఎండ తగలని పెయింటు అక్షరాల ఆకారంలో ముదురుగా మిగిలి ఉంటుంది, చుట్టూ మేకుల రంధ్రాలు పూడ్చిన చుక్కలు. కొన్నిసార్లు ఒకదాని కింద ఇంకో పేరు కనబడుతుంది. ఏటవాలు ఎండలో, ఉదయమో సాయంత్రమో ఫోటో తీస్తే రంధ్రాల నీడలు పడి కిందిపేరు చదవడం తేలిక. పార్కింగ్ అంచున వరుసగా గ్యారేజీ తలుపులున్న విడి భవనం ఉంటే అది యాంకర్ వాళ్ళ టైర్ల సెంటర్ అయ్యుండొచ్చు. దాని పార్సిల్ నంబరు కూడా రాసుకోండి.