వేపచెట్టు కింద కండెలు

మొన్న ఆదివారం సాయంత్రం విజయవాడలో కృష్ణ ఒడ్డున ఉన్న ఒక పార్కుకి వెళ్లాం. మా అమ్మాయి మొక్కజొన్న పొత్తు తినేసి, "నాన్నా, ఇదెక్కడ వేయను?" అంది. కనుచూపు మేరలో చెత్తబుట్ట లేదు. వేపచెట్టు మొదట్లో మాత్రం అప్పటికే పదీ పన్నెండు కండెలు, నలిగిన టీ కప్పులు పడున్నాయి. "అందరూ అక్కడే వేశారుగా" అంటూ అటు నడిచింది.

తొమ్మిదేళ్ల పిల్లది తప్పనను. పెద్దవాళ్లమూ అంతే. అమెరికా మనస్తత్వవేత్త రాబర్ట్ చాల్డీని బృందం 1990లో ప్రచురించిన పరిశోధనలో ఒక ప్రయోగం అమ్యూజ్‌మెంట్ పార్కులోనే జరిగింది. వచ్చేవాళ్ల చేతిలో కరపత్రం పెట్టి, ముందున్న బాటలో చెత్త కాగితాల సంఖ్య మారుస్తూ పోయారు. బాట శుభ్రంగా ఉన్నప్పుడు కరపత్రం కింద పడేసింది 100కి సుమారు 18 మంది. 8 కాగితాలు పడి ఉంటే ఆ లెక్క 40 దాకా పోయింది. నన్ను ఆశ్చర్యపరిచింది మరొకటి: ఒకే ఒక్క కాగితం ఉన్నప్పుడు అది 10కి తగ్గింది! శుభ్రమైన నేల మీద ఒంటరి కాగితం కంటికి గుచ్చుకుని, మిగతా చోటు ఎంత బాగుందో గుర్తుచేస్తుందన్నమాట. చెత్త పెరిగే కొద్దీ ఆ గుర్తు చెరిగిపోతుంది.

1955లో కాలిఫోర్నియాలో మొదలైన డిస్నీల్యాండ్ అనుభవంతోనే ఈ కిటుకు పట్టుకుంది. పొడుగు కాడ ఉన్న చేట, చీపురు పట్టుకుని మనుషులు జనం మధ్యే తిరుగుతుంటారు. చెత్త పోగుపడేదాకా ఆగరు. రాత్రి గేట్లు మూశాక దారులు కడుగుతారు. చూయింగ్ గమ్ అసలు అమ్మరు. దాని జిగురు రబ్బరు లాంటిది, నీళ్లలో కరగదు, ఎంత కడిగినా బండను వదలదు.

1971లో ఫ్లోరిడాలో తెరిచిన డిస్నీ వాళ్ల మరో పార్కు మ్యాజిక్ కింగ్‌డమ్‌లో ఇంకో అడుగు ముందుకేశారు. బుట్టల్లోంచి తీసిన చెత్తను సిబ్బంది గొట్టాల్లో వేస్తే, అది గంటకు సుమారు 95 కిలోమీటర్ల వేగంతో దూరంగా ఉన్న కేంద్రానికి చేరుతుంది. కొబ్బరి బొండంలో స్ట్రా పెట్టి పీల్చినప్పుడు జరిగేదే ఇక్కడా జరుగుతుంది. అవతలి చివర పెద్ద ఫ్యాన్లు గాలిని లాగేస్తే గొట్టంలో పీడనం తగ్గుతుంది, వెనకనున్న బయటి గాలి చెత్త సంచిని ముందుకు తోస్తుంది. చెత్త బండి, దాని వాసన జనం దాకా రానే రావు.

మనకు అన్ని గొట్టాలు అక్కర్లేదు. బుట్ట చేతికి అందేంత దూరంలో ఉండాలి, నిండకముందే ఖాళీ కావాలి. ఊడ్చే మనుషులు సాయంత్రం రద్దీ వేళ కూడా డ్యూటీలో ఉండాలి, పొద్దున ఒక్కసారి ఊడిస్తే చాలదు.

ఆ కండెను కర్చీఫ్‌లో చుట్టుకుని గేటు దాకా నడిచాం. బుట్ట అక్కడుంది. వేపచెట్టు నుంచి అక్కడికి మా అమ్మాయి అడుగులు లెక్కపెట్టింది: 214.