బండిచక్రాల గాళ్ళ వెంట జియోకాషింగ్: అపోహలు – వాస్తవాలు

అమెరికాలో మిస్సోరీ రాష్ట్రపు ఇండిపెండెన్స్ పట్టణం నుండి ఒరెగాన్ సిటీ దాకా సుమారు 2,000 మైళ్ళు సాగే ఒరెగాన్ ట్రయిల్ మీద, 1840ల నుండి 1869లో ఖండాన్ని దాటే రైలుమార్గం పూర్తయ్యేవరకు, లక్షల మంది గూడుబండ్లు కట్టుకుని పడమటికి వలసపోయారు. ఇప్పుడు అదే బాట వెంట, అక్షాంశ రేఖాంశాల ఆధారంగా ఎవరో దాచిన డబ్బాలను వెతికే జియోకాషింగ్ జరుగుతోంది. ఇక్కడ స్థిరపడిన తెలుగువారు కూడా ఈ ఆటలోకి వస్తున్నారు. వారి నుండి నేను తరచుగా వినే అపోహల్లో కొన్ని ఆ బాటకే చేటు చేసేవి కనుక, వాటికి ఇక్కడ ఎక్కువ చోటు ఇస్తున్నాను.

అపోహ: డబ్బాను పాతిపెడతారు, తవ్వితేనే దొరుకుతుంది.

వాస్తవం: ఈ అపోహకు ఒక మూలం ఉంది. పౌరులకు అందే జీపీఎస్ సంకేతాల్లో కావాలని ప్రవేశపెట్టిన తప్పును 2000 మే 2న అమెరికా ప్రభుత్వం తొలగించగా, ఆ మరుసటి రోజే డేవ్ అల్మర్ అనే ఆయన ఒరెగాన్‌లోని బీవర్‌క్రీక్ దగ్గర ఒక బకెట్‌ను సగం దాకా నేలలో పాతి దాని స్థానాన్ని ఇంటర్నెట్‌లో ప్రకటించారు. ఆ చోటు గూడుబండ్ల ప్రయాణం ముగిసిన ఒరెగాన్ సిటీకి కొద్ది మైళ్ళ దూరమే. అయితే ఆటకు నియమాలు ఏర్పడిన తరువాత, దాచడానికి గానీ వెతకడానికి గానీ, భూయజమాని స్పష్టమైన అనుమతి లేకుండా నేలను తవ్వరాదన్నది ముఖ్యమైన షరతు అయింది. గుప్తనిధుల కోసం పాత గుళ్ళను తవ్విపోసిన వార్తలు చదివి పెరిగిన మనకు ఈ షరతు ఎందుకో వేరే చెప్పనక్కరలేదు. పైగా డబ్బాలో నిధి ఏమీ ఉండదు: నీరు చొరకుండా బిగించే మూత, జిప్ సంచిలో పేర్లు రాసే కాగితం, చలికి పెన్ను మొరాయిస్తుంది కనుక ఒక పెన్సిల్ ముక్క, పిల్లలు మార్చుకునే చిన్న బొమ్మలు రెండు మూడు, అంతే.

అపోహ: మ్యాపులో కనిపించే గీతే అసలు బాట.

వాస్తవం: ఒరెగాన్ ట్రయిల్ ఒకే దారి కాదు. ముందు బండి లేపే దుమ్మును తప్పించుకోవడానికి, ఎద్దులకు మేత దొరికే చోటు చూసుకోవడానికి బండ్లు మైదానంలో వెడల్పుగా పరుచుకుని పక్కపక్కనే నడిచేవి. నేల స్వరూపం వాటిని ఇరుకులోకి నెట్టిన చోటనే గాళ్ళు లోతుగా పడ్డాయి. వయోమింగ్‌లోని గ్వెర్న్‌సీ దగ్గర నార్త్ ప్లాట్ నదీతీరాన్ని వదిలి మెత్తని ఇసుకరాతి గుట్ట ఎక్కవలసి రావడంతో, బండి వెనుక బండి ఒకే జాడలో పోయి రాయి కొన్నిచోట్ల దాదాపు 5 అడుగుల లోతుకు అరిగింది. చూడదగ్గ చోట్లన్నీ ఇలాంటి ఇరుకులే కావడం వల్ల తొక్కిడి కూడా వాటి మీదే పడుతుంది. అందుచేత డబ్బాను గాడికి దూరంగా, వాహనాలు ఆగే చోటికి దగ్గరగా పెట్టడమే పద్ధతి; గాడిలోనే పెట్టాలనుకునేవారికి చరిత్ర మీద ఉన్నది ప్రేమేనా అని నాకు అనుమానం.

అపోహ: ప్రభుత్వ భూమి అందరిదీ కాబట్టి ఎక్కడైనా దాచవచ్చు.

వాస్తవం: ఈ బాట జాతీయ పార్కుల సంస్థ అధీనంలోని భూముల గుండా, ఇతర సమాఖ్య సంస్థల, రాష్ట్రాల భూముల గుండా, పశువులు మేపుకునే ప్రైవేటు కమతాల గుండా పోతుంది; ఒక్కో యజమానిది ఒక్కో నిబంధన. ఫోర్ట్ లారమీ, స్కాట్స్ బ్లఫ్ వంటి జాతీయ పార్కుల సంస్థ స్థలాల్లో అనుమతి లేకుండా డబ్బా పెట్టడానికి వీల్లేదు. ఈ ఆటలో వెతికి చేరవలసిన దాన్ని కాష్ అంటారు; అక్కడికి తగినవి డబ్బా లేని వర్చువల్ కాష్‌లు, ఎర్త్ కాష్‌లు. సమాచార ఫలకం చదివో రాతిపొరలను పరిశీలించో అడిగిన ప్రశ్నకు జవాబు పంపాలి. ఇవి అసలు ఆటే కాదని పెదవి విరిచేవారున్నారు గానీ, నా మటుకు చారిత్రక స్థలాల్లో ఇవే మేలైనవి, ఎందుకంటే పొదల కింద చూసే కన్ను కొండను చూస్తుంది.

అపోహ: వలసదారులే రాళ్ళ మీద పేర్లు చెక్కారు, మనం చెక్కితే తప్పేమిటి?

వాస్తవం: జూలై 4 నాటికి చేరాలని బండివారు గురి పెట్టుకున్న ఇండిపెండెన్స్ రాక్ మీద, గ్వెర్న్‌సీ దగ్గరి రిజిస్టర్ క్లిఫ్ మీద ఉన్న పేర్లు ఇప్పుడు చారిత్రక పత్రాలతో సమానం. తరువాతివారి గీతల కింద ఆ కాలపు పేర్లు కొన్ని ఇప్పటికే చెరిగిపోయాయి. మన పేరుకు డబ్బాలోని కాగితం ఉంది. నేల మీద కనబడే తుప్పు మేకును జ్ఞాపకంగా తెచ్చుకోవడం కూడా చిన్న విషయం కాదు: సమాఖ్య భూముల్లో వందేళ్ళు దాటిన పురావస్తువులను అనుమతి లేకుండా తీయడం 1979 నాటి చట్టం ప్రకారం నేరం.

అపోహ: ఖరీదైన జీపీఎస్ పరికరం ఉండాలి.

వాస్తవం: ఫోను చాలు. కానీ వయోమింగ్ మైదానాల్లో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు కనుక మ్యాపును ముందే దించుకోవాలి. ఏ పరికరమైనా కొన్ని మీటర్ల దగ్గరికే తీసుకువెళ్తుంది. అక్కడి నుండి కళ్ళతో వెతకాలి, రాతి సందుల్లోకి చేయి పెట్టే ముందు కర్రతో కదిపి చూడాలి. ఎండకాలంలో అక్కడ గిలకపాములు (రాటిల్‌స్నేక్ అనే విషసర్పాలు) ఉంటాయి.