అంగిలి వెడల్పు చేయిస్తే పిల్లాడి సైనస్ తగ్గుతుందా?

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు తెలుగువాళ్ళలోనూ పిల్లల పళ్ళకు క్లిప్పులు వేయించడం ఇప్పుడు మామూలే. పై దవడ ఇరుగ్గా ఉంటే డాక్టర్లు ముందు ఎక్స్‌పాండర్ (అంగిలిని మెల్లగా వెడల్పు చేసే పరికరం) పెడతామంటారు. ఏడాదంతా జలుబుతో బాధపడే పిల్లాడైతే, దాంతో సైనస్ కూడా పోతుందేమోనని అమ్మానాన్నలు ఆశపడతారు. ఆ ఆశలో కొంత నిజముంది. ఎంతన్నది తెలుసుకున్నాకే డబ్బు ఖర్చు పెట్టాలి.

పై దవడలో కుడి, ఎడమ ఎముకలు రెండూ అంగిలి మధ్యలో ఒక అతుకు దగ్గర కలుస్తాయి. చిన్నతనంలో ఆ అతుకు ఇంకా గట్టిపడి ఉండదు. పై పళ్ళకు బిగించిన ఎక్స్‌పాండర్‌లో స్క్రూని ఒకసారి తిప్పితే సుమారు పావు మిల్లీమీటరు తెరుచుకుంటుంది. రోజుకు ఒకటి రెండుసార్లు తిప్పుతూ పోతే అతుకు విడిపోయి, ఆ సందులో కొత్త ఎముక పుడుతుంది. 1860లోనే శాన్‌ఫ్రాన్సిస్కో దంతవైద్యుడు ఎమర్సన్ ఏంజెల్ ఒక అమ్మాయికి ఇలా చేసి రాస్తే తోటివాళ్ళు నమ్మలేదు. 1961లో దంతవైద్యుడు ఆండ్రూ హాస్ పరిశోధన తర్వాతే ఈ పద్ధతి నిలదొక్కుకుంది.

మేడ ఇంట్లో కింది గదికి కప్పు అయినదే పై గదికి నేల. అంగిలీ అంతే, నోటికి కప్పు, ముక్కుకు నేల. అందుకే అంగిలి విడితే ముక్కు లోపలి దారీ కాస్త వెడల్పవుతుంది. కొందరు పిల్లలకు గాలి సులువుగా ఆడుతుంది, అందరికీ కాదు.

సైనస్ సంగతి వేరు. బుగ్గ ఎముకల వెనక ఉండే సైనస్‌లనే గాలి గదులు పెద్దవాళ్ళలో ఒక్కోటి దాదాపు 15 మిల్లీలీటర్లు ఉంటాయి. వాటి ద్వారం అడుగున ఉండదు, పైన ఎక్కడో ఉంటుంది. లోపలి పొర మీది సన్నని కేశాలు చీమిడిని పైకి నెట్టుకుంటూ పోయి ఆ ద్వారం గుండా ముక్కులోకి వదలాలి. జలుబుకో ఎలర్జీకో ఆ ద్వారం దగ్గర పొర వాస్తే చీమిడి లోపలే నిలిచిపోతుంది. ఎక్స్‌పాండర్‌తో దవడ కింద ఎక్కువగా, పైకి పోయేకొద్దీ తక్కువగా విడుతుంది. అంటే ద్వారం ఉన్న ఎత్తులో వచ్చే మార్పు స్వల్పం, వాపు మీద దాని ప్రభావం నేరుగా ఉండదు. స్కాన్లతో గదుల పరిమాణం కొలిచిన పరిశోధనల్లో కొన్ని కాస్త పెరిగిందన్నాయి, కొన్నిటికి చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పైగా ఆ వయసులో గదులు వాటంతటవే పెరుగుతుంటాయి.

కాబట్టి పిల్లాడు నోరు తెరిచి పడుకుంటున్నా, గురక పెడుతున్నా ముందు చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించండి. అడినాయిడ్స్ (ముక్కు వెనక భాగంలో ఉండే కండ) పెరిగి ఉండొచ్చు. ఎలర్జీ ఉంటే దానికి మందులున్నాయి. పై దవడ పళ్ళు కింది పళ్ళకు లోపలివైపు పడుతుంటే మాత్రం ఎక్స్‌పాండర్ నిజంగా అవసరమే. అది కూడా ఎదిగే వయసు దాటకముందే పెట్టించాలి. అతుకు గట్టిపడ్డాక ఎముకలోకి స్క్రూలు బిగించడమో, ఆపరేషనో కావాల్సి రావచ్చు.

ఎక్స్‌పాండర్ కోసం మనవాళ్ళలో కొందరు కటక్ డెంటల్ కాలేజీకో, విశాఖకో వెళ్ళాల్సి రావచ్చు. స్క్రూ రోజూ ఇంట్లో తిప్పేది అమ్మే. అందుకని డాక్టరు ఎదుటే ఒకసారి తిప్పి చూపించండి. కొన్నాళ్ళకు ముందు పళ్ళ మధ్య సందు వస్తుంది. టెన్షన్ పడొద్దు, దవడ విడుతోందనడానికి అదే గుర్తు. తర్వాత ఆ పళ్ళు చాలావరకు వాటంతటవే దగ్గరవుతాయి. తిప్పడం ఆపాక కూడా కొత్త ఎముక గట్టిపడేదాకా, సాధారణంగా 3 నుంచి 6 నెలలు, ఎక్స్‌పాండర్ నోట్లోనే ఉండాలి. ప్రయాణం దూరమని ఊళ్ళో ఎవరిచేతనో ముందే తీయించేస్తే దవడ మళ్ళీ ఇరుకవుతుంది.