వరదకూ విహారానికీ ఒకటే గట్టు

2024 సెప్టెంబరు మొదటి వారంలో విజయవాడ వద్ద కృష్ణా నదిపై ఉన్న ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల (సెకనుకు అన్ని ఘనపుటడుగుల) వరద వచ్చింది. 2009 అక్టోబరు నాటి వరదను కూడా మించిన ఆ ప్రవాహంలో ఎగువ నుంచి కొట్టుకువచ్చిన భారీ బోట్లు గేట్లను ఢీకొని, గేటు ఎత్తేటప్పుడు సమతూకం నిలిపే కౌంటర్‌వెయిట్లను దెబ్బతీశాయి. దీన్ని మనం సాధారణంగా ప్రమాదాల పద్దులో రాసుకుంటాం. నిజానికి ఇది ప్రణాళికా లోపాల పద్దులోకి రావాలి. గట్టున కట్టేసిన బోటు వరద రోజున ఎక్కడ ఉండాలి, దాన్ని ఎవరు, ఎన్ని గంటల ముందు అక్కడికి చేర్చాలి అన్నది బోటుకు అనుమతి ఇచ్చేనాడే తేల్చుకోవలసిన విషయం.

విజయవాడకు వచ్చే యాత్రికుడు చూడగోరే స్థలాలను ఒక పటం మీద, నీరు ఎక్కే చోట్లను మరో పటం మీద గుర్తించి, ఒకదానిపై ఒకటి పరిస్తే రెండూ చాలావరకు కలిసిపోతాయి. భవానీ ద్వీపం, పున్నమి ఘాట్, దుర్గా ఘాట్, ఇబ్రహీంపట్నం దగ్గరి పవిత్ర సంగమం అన్నీ నది అంచునే ఉన్నాయి. బ్యారేజీ ఎగువన 133 ఎకరాల్లో ఉన్న భవానీ ద్వీపం 2009, 2019, 2024 వరదల్లో మునిగింది. అందమూ ముంపూ ఒకే చోట ఉండడం కాకతాళీయం కాదు, ఎందుకంటే నీరు విస్తరించే చోటే చూపు కూడా విస్తరిస్తుంది.

బ్యారేజీ ఉంది కదా, వరదను ఆపుతుందిలే అన్న నమ్మకం మన ఊళ్లో బలంగా ఉంది. ఒక చిన్న లెక్క చూడండి. బ్యారేజీ వెనుక నిలవగలిగే నీరు దాదాపు 3 టీఎంసీలు, అంటే 300 కోట్ల ఘనపుటడుగులు. సెకనుకు 11.43 లక్షల ఘనపుటడుగుల చొప్పున వచ్చే వరద ఖాళీ జలాశయాన్నయినా ముప్పావు గంటలోపే నింపేస్తుంది. కాలువలకు నీరు మళ్లించడానికి కట్టిన ఆనకట్టకు వరదను దాచుకునే కడుపు లేదు. ఎగువన 45.77 టీఎంసీల పులిచింతల జలాశయం ఉన్నప్పటికీ, ఖమ్మం వైపు నుంచి వచ్చే మున్నేరు దానికి దిగువన కృష్ణలో కలుస్తుంది కాబట్టి ఆ నీటిని పులిచింతల పట్టలేదు. ఖమ్మంలో కురిసిన వాన బెజవాడ ఘాట్ల మీద నడిచేవారికి సంబంధించిన వార్త అన్నమాట. అది రాష్ట్ర సరిహద్దు దాటి సకాలంలో అందేలా చూడడం ప్రాంతీయ ప్రణాళికలో మొదటి పని.

బుడమేరు కథ ఇంతకంటే చిక్కైనది. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరుకు వెళ్లే ఈ వాగును బెజవాడ దుఃఖదాయిని అంటారు. దాని వరదలో కొంత భాగాన్ని వెలగలేరు రెగ్యులేటరు దగ్గర నుంచి మళ్లింపు కాలువ ద్వారా బ్యారేజీ ఎగువన కృష్ణలో కలుపుతారు. అయితే నీరు పల్లానికే పారుతుంది. కృష్ణ నిండుగా ఉంటే కాలువ చివర పల్లమే మిగలదు. నీరు వెనక్కి తన్ని, కాలువలో మట్టం పెరిగి, బలహీనమైన కట్ట మీద ఒత్తిడి పడుతుంది. 2024లో మళ్లింపు కాలువ ఎడమ గట్టుకు గండ్లు పడి, ఆ నీరు పాత దారిలోనే సింగ్‌నగర్‌నూ చుట్టుపక్కల పేటలనూ ముంచెత్తింది. గండ్లు పూడ్చడానికి సైన్యం రావలసి వచ్చింది. అవతలి ఒడ్డున కొండవీటి వాగుకూ ఇదే జబ్బు. ఉండవల్లి దగ్గర నీటిని నదిలోకి తోడిపోసే 5,000 క్యూసెక్కుల ఎత్తిపోతల పథకం 2018లో వచ్చింది అందుకే. నదికీ వాగుకూ ఒకేసారి వరద రాదని అనుకుని గీసిన ఏ పటమైనా ఇక్కడ అబద్ధమే చెబుతుంది, ఎందుకంటే ఒకే వాయుగుండం రెండింటినీ నింపగలదు.

కొండల సంగతి కూడా మరువరాదు. పగుళ్లలోకి చేరిన వాననీరు రాతి పలకల మధ్య పట్టును సడలిస్తుంది, కొండ పాదాన్ని తొలిచిన చోట ఆ పలకలకు ఆసరా ఉండదు. 2020 అక్టోబరులో దసరా ఉత్సవాల నడుమ ఇంద్రకీలాద్రిపై కొండచరియలు విరిగిపడ్డాయి. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో అలాగే చరియలు పడి ప్రాణాలే పోయాయి.

మరి ఏటి ఒడ్డున ఏమీ కట్టకూడదా? కట్టవచ్చు, కానీ ప్రతి కట్టడాన్నీ రెండు ప్రశ్నలు అడగాలి: అది నీటి దారికి అడ్డమా, వరద రోజున అది ఎవరికి పనికొస్తుంది? నది నీరు ఊళ్లోకి రాకుండా కట్టిన కృష్ణలంక రిటైనింగ్ వాల్ 2024లో వేలాది ఇళ్లను కాపాడింది. దాని చెంతనే నదీతీర పార్కు ఉంది. పార్కు మునిగితే కడుక్కోవచ్చు, ఇల్లు మునిగితే బతుకు మునుగుతుంది. అయితే గోడ ఉందన్న ధీమాతో దాని వెనుక మరింత జనం చేరితే, గోడ దాటే వరద వచ్చిన నాడు నష్టం ఇంకా పెద్దదవుతుందని కూడా గుర్తుంచుకోవాలి. ద్వీపంలో కాటేజీలు కట్టేవారు వాటిని స్తంభాల మీద నిలిపి, విద్యుత్ పెట్టెలను పై అంతస్తులో అమర్చుకుంటే, నీరు తీశాక బురద కడిగి తలుపులు తెరవవచ్చు. నూరేళ్ల వరద అంటే నూరేళ్లకు ఒకసారే వచ్చేదని అర్థం కాదు. ఏటా నూటికి ఒక వంతు అవకాశం ఉన్నదని. ముప్పై ఏళ్లు నిలిచే హోటల్ అలాంటి వరదను కనీసం ఒక్కసారైనా చూసే అవకాశం 26 శాతం. అప్పు ఇచ్చే బ్యాంకు ఈ అంకె అడగదెందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

దిగువన సూర్యలంక, హంసలదీవి తీరాలకూ ఇదే తర్కం వర్తిస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వేలాది ప్రాణాలు తీసింది. ఆ తీరాన కట్టే విడిది గృహం పై అంతస్తు తుపాను రాత్రి ఊరివారికి ఆశ్రయమయ్యేలా, ఆ షరతు మీదనే అనుమతి ఇవ్వవచ్చు.

స్థానికుడికి కృష్ణమ్మ మూడ్ తెలుసు, యాత్రికుడికి తెలియదు. బ్యారేజీ దగ్గర ప్రవాహం దాదాపు 4 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఎగురవేస్తారు, సుమారు 5.7 లక్షలకు రెండవది. పొరుగు రాష్ట్రం నుంచి నిన్న దిగిన కుటుంబానికి ఆ అంకెలు ఏం చెబుతాయి? 2016 కృష్ణా పుష్కరాలు ఆగస్టు 12 నుంచి 23 వరకు, సరిగ్గా వానాకాలంలో జరిగాయి. గురుడు కన్యారాశిలో ప్రవేశించే వేళను ఇంజినీర్లు మార్చలేరు. మళ్లీ 2028లో పుష్కరాలు వస్తాయి. ఈలోగా ప్రతి ఘాట్ మెట్ల మీద 2009 నీటిమట్టాన్నీ 2024 నీటిమట్టాన్నీ రంగు గీతలతో గీసి, ఏ గీత దగ్గరికి నీరు వస్తే ఏ దారిన ఎటు ఎక్కాలో పక్కనే బాణం గుర్తుతో చూపడానికి పెద్ద బడ్జెట్ ఏమీ అక్కరలేదు.