సొరుగులో పదిహేడు కవర్లు

పిల్లలకు పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్లో మాటల మధ్య మీ అమ్మ ఒక సంగతి చెప్పింది. మీ ముగ్గురిలో ఒకరు రాత్రి రెండింటిదాకా పడుకోకుండా ఫోన్లో కాలిక్యులేటర్ నొక్కుకుంటూ కూర్చుంటున్నారట. ఎవరని నేను అడగలేదు, తనూ చెప్పలేదు. అందుకే ముగ్గురికీ కలిపి రాస్తున్నాను. ఎవరి గురించో వాళ్లకు తెలుస్తుంది. మిగతా ఇద్దరికీ ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుంది.

ముందు నా బండారం నేనే బయటపెడతాను. ముప్పై ఏళ్లు ఆఫీసులో లెక్కలు రాసినదాన్ని. పైసా తేడా వచ్చినా అది తేలేదాకా కుర్చీలోంచి లేచేదాన్ని కాదు. అలాంటిదాన్ని, నలభయ్యో ఏట, ఏడెనిమిది నెలలపాటు నా ఇంటికొచ్చిన ఒక్క బిల్లు కూడా చించి చూడలేదు. అప్పటికి రెండు అప్పులు నడుస్తున్నాయి. మీ పెదనాన్న ఉద్యోగం పోయి మళ్లీ దొరకడానికి ఐదు నెలలు పట్టింది. కవరు మీద చిన్న ప్లాస్టిక్ కిటికీ, అందులోంచి నా పేరు. అది కనబడగానే కడుపులో ఏదో జారినట్టుండేది. తీసుకెళ్లి వంటింటి సొరుగులో, గరిటెల కింద దోపేసేదాన్ని. కొన్నాళ్లకు ఆ సొరుగు సరిగా మూతపడడం మానేసింది.

ఒకరోజు మీ పెదనాన్న స్క్రూడ్రైవర్ కోసం ఆ సొరుగు లాగారు. ఒక్క మాట అనలేదు. కత్తెర తెచ్చి నా ముందు పెట్టి, ఎదురుగా కూర్చున్నారు. పదిహేడు కవర్లు. ఒక్కొక్కటీ కత్తిరించి, తేదీల వారీగా పేర్చి, ఒక కాగితం మీద వేసుకుంటూ పోయాం. మొత్తం ఎంత తేలిందో తెలుసా? రాత్రిళ్లు నేను ఊహించుకుని వణికినదాంట్లో సగం కన్నా కాస్త ఎక్కువ, అంతే. అయితే అందులో దాదాపు ఐదోవంతు, ఆ కవర్లు తెరవనందువల్ల పడిన ఆలస్య రుసుములూ వాటి మీద వడ్డీనూ. అంటే నా భయానికి నేనే అద్దె కట్టుకున్నానన్నమాట.

ఇందులో బుద్ధిలేనితనం కొంత ఉంది, ఒప్పుకుంటాను. అంతా అదే అంటే మాత్రం ఒప్పుకోను. 2013లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. తమిళనాడులో చెరకు రైతులను కోతకు ముందు, చేతిలో డబ్బాడనప్పుడు ఒకసారి, పంట డబ్బు చేతికొచ్చాక ఇంకోసారి పరీక్షించారు. ఆలోచనకు పదును పెట్టే చిన్న చిన్న ప్రశ్నలే. అవే మనుషులు, కోతకు ముందు తక్కువ మార్కులు తెచ్చుకున్నారు. ఆ కొద్ది నెలల్లో వాళ్ల తెలివి పెరగలేదు కదా! డబ్బు బెంగ బుర్రలో సగం జాగా ఆక్రమించేస్తుంది, మిగిలిన సగంతోనే మనం నిర్ణయాలు తీసుకోవాలి. అందుకే చేతిలో డబ్బు లేనప్పుడే మనిషి అన్నిటికన్నా ఖరీదైన అప్పు చేస్తాడు. అది తెలిశాక నన్ను నేను తిట్టుకోవడం కొంత తగ్గించాను.

కాబట్టి మొదటి పని, కాగితం మీద పెట్టడం. ఎవరికెంత, వడ్డీ ఎంత, ఏ తేదీకి కట్టాలి. ఈ మూడు గడులు చాలు. దానికి యాప్‌లూ రంగురంగుల పట్టికలూ అక్కర్లేదు.

వడ్డీ గడి దగ్గర మాత్రం కాస్త ఆగండి. క్రెడిట్ కార్డు మీద నెలకు 3 శాతం అంటే వినడానికి చిన్నగా ఉంటుంది. వడ్డీ మీద వడ్డీ కలిస్తే ఏడాదికి అది 42 శాతం దాటుతుంది. కట్టకుండా వదిలేస్తే బాకీ 24 నెలల్లో రెట్టింపు. 72ని వడ్డీ శాతంతో భాగిస్తే రెట్టింపయ్యే కాలం సుమారుగా వస్తుంది. ఈ చిట్కా ఒక్కటి నోటికి పట్టించుకోండి, అమ్మేవాళ్లు చెప్పే సగం మాటల గుట్టు విప్పేస్తుంది.

ఇక కార్డు బిల్లులో అడుగున 'కనీసం కట్టవలసినది' అని ఉంటుంది చూడండి, నా కొంప ముంచింది అదే. బాకీ 10,000 అనుకోండి, వడ్డీ నెలకు 3 శాతం, కనీస మొత్తం బాకీలో 5 శాతం. మొదటి నెల వడ్డీ కలిసి 10,300, అందులో 515 కడతారు. వచ్చే నెల బాకీ కొంచెం తగ్గింది కాబట్టి కనీస మొత్తమూ కొంచెం తగ్గుతుంది. మనకు ఊరటగా అనిపిస్తుంది. అలా వాళ్లు అడిగినంతే కడుతూ పోతే ఏడాదిలో దాదాపు 5,500 కట్టినా బాకీ 7,700 దగ్గరే ఉంటుంది. 30 నెలలకు కూడా సగానికి పైనే మిగులుతుంది. అదే మనిషి, బిల్లులో అంకె తగ్గినా పట్టించుకోకుండా, మొదటి నెల కట్టిన ఆ 515నే ప్రతి నెలా కడితే? అదే 30 నెలల్లో బాకీ తీరిపోతుంది. ఈ లోపు కొత్తగా ఏమీ గీకకపోతేనే అనుకోండి. మొదటి నెల కట్టగలిగినదాని కన్నా ఒక్క పైసా ఎక్కువ పెట్టలేదు. నేను ఇది లెక్కేసి చూసిన రోజు పెన్ను కింద పెట్టి చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఆఫీసులో ఇతరుల లెక్కలు అన్నేళ్లు రాశాను మరి.

ఒకటికి మించి అప్పులుంటే ఎక్కువ వడ్డీదాన్ని ముందు తీర్చడం లాభం. చిన్నదాన్ని ముందు తీర్చేస్తే ఒక తలనొప్పి వదిలిందన్న ధైర్యం వస్తుంది. నేను చిన్నదాన్నే ముందు తీర్చాను. లెక్కల మనిషినై ఉండి అలా చేశానని మీ పెదనాన్న ఇప్పటికీ ఏడిపిస్తారు.

దుప్పటి ఉన్నంతవరకే కాళ్లు చాపుకోవాలని చిన్నప్పటినుంచీ వింటూనే ఉన్నాం. దుప్పటి పొడవెంతో కొలవమని మాత్రం ఎవరూ చెప్పలేదు. జీతం నెలనెలా వస్తుంది, ఖర్చులన్నీ నెలనెలా రావు. బీమా, ఫీజులు, బండి రిపేరు, పెళ్లిళ్లు. ఇవి వచ్చినప్పుడల్లా 'అనుకోని ఖర్చు' అంటాం. ఏటా వచ్చేది అనుకోనిదెలా అవుతుంది? పోయినేడు అలాంటివి ఎన్ని వచ్చాయో కూడి, పన్నెండుతో భాగించి, ఆ వాటాను జీతం పడిన రోజే వేరే ఖాతాలోకి తోసేయండి. అప్పుడు మిగిలిందే మీ అసలు జీతం. చాలామందికి దుప్పటి పొట్టిదని తెలిసేది ఇక్కడే.

వాయిదాల సంగతీ అంతే. ఒక్కో వాయిదా చిన్నదే, నాలుగు కలిస్తే జీతంలో పెద్ద ముక్క. స్నేహితుడి చేతిలో కొత్త ఫోను మనకు కనిపిస్తుంది, దాని వాయిదా కనిపించదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అన్నట్టు బతికేవాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. మా ఆఫీసులో కొన్నాళ్లు అది నేనే.

జీతంలో యాభై అవసరాలకు, ముప్పై సరదాలకు, ఇరవై పొదుపుకు అని ఒక లెక్క చెబుతుంటారు. అద్దెకే సగం పోయేవాడికి అది వెక్కిరింతలా ఉంటుంది. కాగితం మీద పెట్టాక అవసరాలకే చాలడం లేదని తేలితే, చిన్న చిన్న సరదాలు మానుకుని ఏడవకండి. వాటితో పూడే గుంత కాదది. అద్దె తక్కువ ఇల్లో, ఇంకో గదిమనిషో, ఇంకో పనో, పెద్ద అంకెలనే కదపాలి. అదీ ఇప్పట్లో కుదరకపోతే ఇంట్లో చెప్పండి. అప్పిచ్చినవాళ్లకు కూడా వాయిదా తప్పకముందే చెప్పండి. తప్పాక వెళ్తే బతిమాలుకోవాలి, ముందే వెళ్తే బేరమాడొచ్చు. గడువు పెంచమని నేను అడిగిన రెండు చోట్లలో ఒకచోట కుదరదన్నారు, ఇంకోచోట పెంచారు. అడగకపోతే అదీ లేదు. పాత అప్పు తీర్చడానికి అంతకన్నా ఎక్కువ వడ్డీకి కొత్త అప్పు మాత్రం చేయకండి.

రాత్రి మేలుకునే నా తల్లో, నా తండ్రో, నీకో మాట. రాత్రి రెండింటికి వేసే లెక్కలో ఏ అంకె అయినా రెండింతలు కనిపిస్తుంది. ఆదివారం పొద్దున, బాగా తెల్లారాక, ఒక గంట దానికే అని పెట్టుకో. మిగతా రోజుల్లో అది గుర్తొస్తే, ఆదివారం చూద్దామని పక్కన పెట్టు. నాకు మొదటి నెల కుదరలేదు, రెండో నెల కుదిరింది.

కాగితం మీద పెట్టిన రోజు నాకు ఫోన్ చెయ్యి. ఎంతో చెప్పక్కర్లేదు, పెట్టానని చెప్తే చాలు. ఇంకా కత్తెర ముట్టుకోబుద్ధి కాకపోతే కవర్లన్నీ పట్టుకుని ఇక్కడికే వచ్చెయ్యి. ఎదురుగా నేను కూర్చుంటాను.

పెద్దమ్మ